మల్లిక నేరాలు రాసుకోండి మేడమ్

మల్లిక. వయసు పందొమ్మిది. పొద్దున లేస్తానే, మొగం గూడా కడుక్కోకముందే పేపరు చదువుతాది. రాసుకోండి మేడమ్, అదే మొదటి నేరం.

పేపరు చదివితే నేరమెట్లయితాది అంటారా? మీరు ఎస్సై గాబట్టి అట్లంటాండారు. మా ఊర్లల్లో ఆడోళ్ళ చేతికి పేపరొచ్చిందంటే పొయ్యి ముట్టించేదానికి, లేకుంటే బోండాల నూనె ఒత్తేదానికి. ఈ పిల్ల దాన్ని పట్టుకోని గడప మీద కూర్చుంటాది. లోపల, గోడ పక్కన, ఎవురికీ కనపడకుండా చదువుకున్యా ఒక మర్యాద. వీధిలో పోయేటోళ్ళంతా చూడాల ఈమె చదివేది.

నా పేరా? నాగక్క. ఆ పిల్లకు మేనత్తను. వాళ్ళ నాయన లక్ష్మన్న నాకు సొంత తమ్ముడు. నా కొడుకు సురేంద్రకు ఆ పిల్లను చేసుకుందామనుకుంటిమి. ఇప్పుడు అనుకునేదేముంది, ఆ పిల్ల పుట్టినప్పుడే అయిపోయింది ఆ మాట. ఉయ్యాల్లో వేసిన పొద్దు మా బావ గోవిందప్ప తొంగి చూసి, ఇది మా సురేంద్రకు అన్యాడంట. అద్దో, తలుపు కాడ నిలబడుకోనుండాడే తెల్ల చొక్కా వేసుకోని, ఆయనే. మా ఆయనకు అన్న. ఆయన ఆ మాట అంటానే పిల్ల గుక్కపట్టి ఏడ్చిందంట. ఆకలికిలే అనుకోని పాలు పట్టిరి.

చెప్తాండాలే బావా. నువ్వు చెప్పమన్నేవన్నీ వరసగా చెప్తాండా. ఆమె రాసుకోవద్దా?

రెండోది. ఎవురికీ చెప్పకుండా మీకు అర్జీ పెట్టుకునింది. ఆ పేపర్లోనే పడిందంట మీ సంగతి. ఇంటర్ అయిపోయి, పైన చదువుకోను దుడ్లు లేక ఇండ్లల్లో కూర్చున్న పిల్లోళ్ళకు పోలీసోళ్ళే కాలేజీ ఫీజు కడతారని. కానిస్టేబుళ్ళ కాడి నుంచి మీ పైనోళ్ళ దాకా తలా రవంత జీతంలోంచి వేసుకున్యారని. మా బావకు ఈ మాట తెలిసి పడీపడీ నవ్వె. పోలీసోళ్ళు దుడ్లు తీసుకునేది విన్యాం గానీ ఇచ్చేది యాడన్నా ఉండాదా, దీంట్లో ఏదో మతలబు ఉండాది అనె.

కోపం చేసుకోవద్దండి మేడమ్. అది నా మాట గాదు, ఆయన మాట. ఆడనే ఉండాడు గదా, కావాలంటే అడగండి. చూడండి, నేల మీద ఏందో పోగొట్టుకున్నట్ల ఎట్ల తల దించుకున్యాడో.

ఇంగ ఆ పిల్ల ఒక్కటే బస్సెక్కి హిందూపురం పోయి కాలేజీ చూసొచ్చింది. తోడెవురు పోయిరి అంటే ఎవురూ లేరు. వాళ్ళ నాయన అరిస్తే ఏమనిందో తెలుసునా? "చీర కొనను ధర్మవరానికి పదిమంది వస్తిరి గదా నాయనా. కాలేజీ చూడను ఒకరన్నా వస్తే నేను ఒంటిగా యాల పోతా?" అనింది. ఎదురు మాట. అది గూడా రాసుకోండి.

ఆ చీర సంగతి వేరే ఉండాది. తాంబూలాల చీర. ధర్మవరంలో పట్టంగడికి పోయింటిమి అందరమూ. అంగడాయప్ప చీరలు ఒకటొకటిగా విప్పి పరుస్తాండాడు. రంగు చూడు, అంచు చూడు అని మేమంతా ఈ పిల్లను పొడుస్తాండాము. ఈమె చీర తట్టు చూడకుండా, దీన్ని నేసినాయప్పకు ఏమాత్రం ఇస్తారన్నా అని అడిగె. అంగడాయప్ప మొగం మాడిపాయె. మా బావకు తల కొట్టేసినట్టయింది. పెండ్లికూతురు అడగాల్సిన మాటనా అది?

ఇట్లాంటి పిల్లకు మీరు ఫీజు కడితే ఊర్లో మిగతా పిల్లోళ్ళు ఏమైపోతారు మేడమ్? అందుకే వచ్చినాం. నడవడిక మంచిది గాదు, సొంత మేనత్తే చెప్పింది అని రాసుకోని మీరు ఆ ఫీజు నిలిపెయ్యాల. సోమవారం లోపల కట్టకుంటే సీటు పోతాదంట గదా. పోనీండి. సీటు పోతే పిల్ల ఇంట్లో కూర్చుంటాది. కూర్చుంటే యాపొద్దన్నా మా ఇంటికి వస్తాది. అదీ మా బావ లెక్క.

నన్నే ఎందుకు పంపిచ్చిరి అంటారా? మా ఆయన తిమ్మయ్య టీ అంగడి కాడ ఉండాడు. లోపలికి రాడు. మొగోళ్ళు వచ్చి ఆడపిల్ల మీద చెప్తే బాగుండదంట. ఆడమనిషి చెప్తే ఆడ ఎస్సై వింటాదంట. ఇంట్లో నా మాట ఈ పొద్దు దాకా ఎవురూ విన్నది లేదు గానీ, టేసన్లో నా మాటకు విలువ ఉండాదని కనుక్కున్యారు మొగోళ్ళంతా కూర్చోని.

సురేంద్రనా? వాడు రాలేదు. టేసనుండే వీధి తట్టే రాడు వాడు.

సరే, ఆ తాంబూలాల పొద్దు ఏం జరిగిందో చెప్తా. మీ కానిస్టేబుల్ సుబ్బరాయుడు చెప్పే ఉంటాడు. ఆయన జీపులోంచి చూసింది చెప్పింటాడు, నేను టెంపోలోంచి చూసింది చెప్తా. బావా, నువ్వు గూడా విను. నేను ఏమన్నా మర్చిపోతే అందిచ్చు.

టెంపో మాట్లాడుకోని పోతిమి. పండ్లు, పూలు, పసుపు కుంకుమ, చీర, అన్నీ తట్టల్లో సర్దుకోని. ముందర సీట్లో మా బావ. వెనకాల మేము. మధ్యలో సురేంద్ర, కొత్త పట్టుపంచె, కొత్త చొక్కా, సెంటు. మా తమ్ముని ఊరు వస్తాది. ఆ వీధిలోకి తిరుక్కుంటిమి. ఇంటి ముందర పోలీసు జీపు.

మా బావ టెంపో నిలపమనె. ఎవురన్నా పోయినారా, ఏమన్నా తిన్యారా, పిల్ల ఎవునితోనన్నా లేచిపోయిందా అని ఆడోళ్ళంతా ఒకరి మొగం ఒకరు చూసుకుంటాండాము. మా ఊర్లల్లో ఇంటి ముందర జీపు నిలిచిందంటే ఇంగేం అనుకుంటారు మేడమ్? ఆ పిల్లకు కాలేజీ ఫీజు కట్టే ముందర ఇల్లూ వాకిలీ చూసి పోను వచ్చిరి అని ఎవురికన్నా తోస్తాదా?

అంతలోనే వెనకాల దబ్‌మని చప్పుడు. తిరిగి చూస్తే సురేంద్ర సీటు ఖాళీ. పంచె మోకాళ్ళ పైకి ఎత్తి పట్టుకోని శెనక్కాయ చేన్లో పరుగు. ఊరంతా చూస్తాండారు. పెండ్లికొడుకు ఇంటి తట్టు పోవాల గదా, వీడు ఊరి బయటికి పోతాండాడు.

యాల పరిగెత్తినాడు అంటారా? అలవాటు మేడమ్. నల్లచెరువు తట్టు చింతతోపులో పేకాట ఆడతా ఉంటారు గదా. మీవాళ్ళు ఎన్ని తూర్లు పోయినా పట్టుకోలేకపోయింది ఎవుర్ననుకున్యారు? చిన్నప్పుడు పరుగు పందెంలో గూడా ఫస్టే వచ్చేటోడు. కరెంటోళ్ళ జీపు వచ్చినా పరిగెత్తుతాడు. అది ఏ జీపో చూసేదానికి గూడా నిలబడడు.

ఏం బావా, యాడికి? టీ తాగొస్తావా? పో పో. ఇంగా పంచె ఊడిపోయిన సంగతి చెప్పాల్సి ఉండాది. అది నువ్వు చూసిందే గదా, మళ్ళా వినాల్సిన పని లేదు.

పోయినాడా మేడమ్? రవంత ఆ కిటికీలోంచి చూడండి. మెట్లు దిగినాడా?

ఆ తలుపు దగ్గరికి వెయ్యండి.

అమ్మయ్య. ఒక లోటా నీళ్ళు ఇప్పిచ్చండి. ఇంతసేపూ ఎక్కిచ్చి చెప్పి చెప్పి గొంతెండిపాయె.

నవ్వొద్దండి, బయటికి వినపడతాది.

ఇప్పటి దాకా చెప్పిందాంట్లో అబద్ధం ఏమీ లేదు. పేపరు చదివేది నిజం, బస్సెక్కేది నిజం, చీర అంగట్లో అడిగింది నిజం. దానికి పెట్టిన పేరే వేరే. మా బావ నేరమంటాడు. నేను ఏమంటానో ఇన్నేండ్లల్లో ఎవురూ అడగలేదు గాబట్టి నాకూ ఒక పేరు పెట్టే పని పడలేదు.

మొదటి నుంచీ చెప్తా. తాంబూలాలకు ముందర ఒక దినం తమ్ముని ఇంటికి పోయింటి. మల్లిక వాకిట్లో చింతపండు గింజ తీస్తా కూర్చోనుండె. నేనూ పక్కన కూర్చుంటి. నేనూ ఒక గుప్పెడు తీసుకుంటి. తరవాత తల ఎత్తకుండానే అనె.

"అత్తా, నీ కొడుకు మంచోడేనా? నువ్వు అవునని చెప్పు, నేను తాంబూలాలకు కూర్చుంటా."

చూడండి మేడమ్, పిల్ల తెలివి. వాళ్ళ నాయన్ను అడగలేదు. ఊర్లో ఎవుర్నీ అడగలేదు. కన్నదాన్ని, నన్ను అడిగె.

నా నోట్లో వక్కాకు ఉండె. ఉమ్మేసి వచ్చి చెప్తాలే అని లేస్తిని. గోడ తట్టు పోతిని, ఉమ్మేస్తిని, నీళ్ళు పుక్కిలిస్తిని, వచ్చి కూర్చుంటిని. నోరు ఖాళీనే. అయినా ఇంకో వక్కాకు మడిచి పెట్టుకుంటిని. కొడుకు గదా, అవునని ఒక్క మాట అంటే ఏం పోయె? మా ఇండ్లల్లో అందరూ అనేదే. నన్ను మా ఆయనకు ఇచ్చేటప్పుడు మా అత్త మా అమ్మతో ముమ్మారు అనిందంట, మావాడు బంగారం అని. ఆ బంగారం ఇప్పుడు టీ అంగట్లో కూర్చోనుండాది.

పెండ్లయితే మారతాడు అంటాడు మా బావ. మా ఆయన గురించి గూడా అట్లే అనిరి. నేను పోయి మార్చాలనే నన్ను తెచ్చుకునిరి. మారింది నేనే.

సరిగ్గా అప్పుడే ఆ పిల్ల ఫోను మోగె. మీ సుబ్బరాయుడు. ఇంటికి విచారణకు రావాల, ఏ దినం ఉంటారమ్మా అని అడుగుతాండాడు. పాపం మర్యాదస్తుడు, అడిగి వచ్చే పోలీసును నేను ఆయప్పనే చూడటం. పిల్ల నా మొగం చూసె. బుధవారం రమ్మను, తాంబూలాల టయానికి అంటిని నేను.

అవును మేడమ్, నేనే. జీపులో రమ్మని చెప్పమంటిని గూడా. ఎండలో నడిచి వస్తే కష్టం గదా పాపం అంటిని. పిల్ల ఫోన్లో అట్లే చెప్పె. ఫోను పెట్టేసి, నా తట్టు తిరిగి, "సురేంద్ర బావ పరిగెత్తుతాడా అత్తా?" అనె. నిలబడితే వాడు నా కొడుకే గాదు అంటిని.

మీవాళ్ళు వెంటపడతారని మాత్రం నాకు తెలీదు. అది మీ తప్పు. పరిగెత్తేటోన్ని చూస్తే మీకు కాళ్ళు ఆగవంట గదా. సుబ్బరాయుడు చేతిలో మల్లిక ఇంటర్ మార్కుల కాగితాలు పట్టుకోనే పరిగెత్తె. ఎవుడు, ఏందని అడిగే పని లేదు. వాడు పరిగెత్తుతాండాడు గాబట్టి ఈయన పరిగెత్తుతాండాడు, ఈయన వస్తాండాడు గాబట్టి వాడు ఇంగా ఎక్కువ పరిగెత్తుతాండాడు. ఆ పంచె కాళ్ళకు తట్టుకోకుంటే ఇద్దరూ సోమందేపల్లి దాకా పోయుండేటోళ్ళు. పట్టుకున్నాక సుబ్బరాయుడు ఆయాసపడతా, యాల పరిగెత్తినావప్పా అని అడిగినాడంట. మావోడు, ఆ పొద్దు చింతతోపులో నేను ఆడలేదు సార్, ఊరికే పక్కన కూర్చోని చూస్తాంటి అనె. ఎవురూ అడగని ప్రశ్నకు జవాబు.

మీరు వాన్ని ఏమీ అనకుండా వదిలేస్తిరి. దానికి దండాలు.

అంతే, టెంపో అట్లనే వెనక్కి తిరిగె. దిగలేదు, ఆ ఇంట్లో నీళ్ళు ముట్టలేదు. మా ఇండ్లల్లో ఒక కట్టుబాటు ఉండాది మేడమ్. తాంబూలాలకు పోయినోళ్ళు నీళ్ళు తాగకుండా వెనక్కి వస్తే ఏడాది దాకా ఆ సంబంధం మాట ఎత్తగూడదు. దాన్ని గట్టిగా పట్టుకునేది మా బావే. పోయినేడు మా ఆడబిడ్డ కూతురి సంబంధం ఇట్లనే తప్పిపోతే, కట్టుబాటు కట్టుబాటే అని నలుగుర్లో కూర్చోని తీర్పు చెప్పింది ఆయనే. ఇప్పుడు ఎట్ల మాట మారుస్తాడు? అందుకే ఆయన చూపంతా ఈ ఏడాది మీద పడె. ఏడాది పిల్ల ఇంట్లోనే ఉంటే, వచ్చే ఏడు మళ్ళా టెంపో మాట్లాడొచ్చు. కాలేజీలో చేరితే మూడేండ్లు. మూడేండ్లు చదివిన పిల్ల సురేంద్ర తట్టు చూస్తాదా?

కన్నకొడుకును అట్ల నలుగుర్లో పరిగెత్తిస్తివే, నీకు బాధ లేదా అని అడుగుతాండారు మీరు. నోటితో అడగకున్యా మీ చూపు అడుగుతాండాది. ఉండాది మేడమ్. ఆ పంచె ఉతికింది నేనే. ఎర్రమన్ను, యాడ పోతాది. దండెం మీద ఆరేస్తే ఇప్పటికీ మచ్చలు కనపడతాండాయి. వాడు ఆ దినం కూడు తినలేదు. నేనూ తినలేదు. అయితే టెంపోలో, వాడు చేన్లో పడి లేస్తాంటే, కొంగు నోట్లో కుక్కుకోని ఏడుస్తాండానని అందరూ అనుకున్యారు. నేను నవ్వుతాంటి. ఎన్నేండ్లయిందో అట్ల నవ్వి.

ఇంకోటి చెప్తా. ఆ పిల్ల మా ఇంటికొస్తే నాకు సుఖమే. పొద్దున్నే గొర్రెల దొడ్డి ఊడ్చేది తప్పుతాది. రవంత నడుము వాల్చొచ్చు. కోడలిని తెచ్చుకునేదంటే ఏముంది, ఒకరి నడుము నొప్పి ఇంకొకరికి ఒప్పజెప్పేదే గదా. ఆ ఆశ నాకూ ఉండె, లేదనను. పిల్ల అట్ల అడక్కుండా ఉండింటే నేను గూడా గమ్మున తట్ట ఎత్తుకోని పోయి కూర్చుండేదాన్నేమో.

అందుకే మేడమ్, మీరు ఆ విచారణ కాగితం మీద మంచి పిల్ల అని రాసి సంతకం పెట్టేయండి. ఈ పొద్దే పెట్టండి. రేపు ఎల్లుండి సెలవులంట.

ఇంగొక ఉపకారం గూడా చెయ్యాల. నేను బయటికి పోతే పని అయిందా అని అడుగుతారు. కాలేదంటే, సరిగ్గా చెప్పలేదు నువ్వు అని నా మీద పడతారు. మీరు ఒక్క తూరి గట్టిగా అరవండి నా మీద. టీ అంగడి దాకా వినపడాల. ఆడపిల్ల మీద లేనిపోనివి చెప్తే లోపలేస్తా అనండి. సురేంద్ర పేరు మాత్రం ఎత్తొద్దండి, వాడు నిజంగానే ఊరొదిలి పోతాడు. నన్ను తిట్టండి. తిట్లు నాకు అలవాటే. ఒక ఆడమనిషి కుర్చీలో కూర్చోని తిట్టేది మాత్రం కొత్త, అది గూడా చూస్తా.

ఏమంటిరి?

సంతకం పొద్దున్నే అయిపోయిందా?

మల్లిక వచ్చిందా ఈడికి? ఎవురితో? ఒక్కటేనా? ఈ బెంచీ మీదనే కూర్చోనుండెనా మీరు వచ్చేదాకా?

మరి నాకు చెప్పలేదే మేడమ్. నిన్న సాయంత్రం గూడా బస్టాండు కాడ కనపడె. ఏం అత్తా, మోకాళ్ళు ఎట్లుండాయి అని అడిగె. ఇంత పని పెట్టుకోని ఆ ఒక్క మాటా మాట్లాడి పాయె.

నన్ను గూడా నమ్మలేదు చూడండి.

జీపు సంగతి చెప్పింది నేను. కొడుకును చేన్లో పరిగెత్తించింది నేను. అయినా నమ్మలేదు. ఎట్ల నమ్ముతాది లే. మా బావ నాలుగు మాటలు గట్టిగా అడిగితే నేను యాడ నోరు జారుతానో నాకే తెలీదు. ఆ ఇంట్లో కూడు తింటాండేదాన్ని. ఆ పిల్ల స్థానంలో నేనుంటే నాకు చెప్పుకుందునా? చెప్పుకోను.

సరే మేడమ్, మీరు అరవండి. నేను కళ్ళు తుడుచుకుంటా బయటికి పోతా. తుడుచుకునేదానికి ఏదో ఒకటి ఉండనే ఉండాది ఇప్పుడు, నటించాల్సిన పని లేదు.

కాలేజీ వాళ్ళు ఫోను చేసిరా మీకు? ఎప్పుడు? మధ్యాన్నమేనా?

అయితే అయిపోయింది. మా బావ అడిగితే ఇంగ దాచేదేముంది, ఉన్నదే చెప్తా. మల్లిక ఈ పొద్దు మధ్యాన్నం హిందూపురంలో కాలేజీలో చేరిపోయింది. హాస్టల్లో గది గూడా తీసుకునింది. మనకెవురికీ చెప్పలేదు.